ఈ బండి రోడ్డెక్కకూడదు అని చెప్పే అధికారం మెకానిక్‌కు ఇవ్వండి: నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి, వాహన విభాగం ఇంజనీర్లకు, కొనుగోళ్ల విభాగం అధికారులకు, పాలకవర్గ సభ్యులకు,

నమస్కారం. నగరపాలక సంస్థ వాహనాలకు మరమ్మతులు చేసే వర్క్‌షాపు మెకానిక్‌లం ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలన్నీ ఇంతకుముందే వినతిపత్రాల రూపంలో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు, జవాబు మాత్రం రాలేదు. సమీక్షా సమావేశాల్లో మా మాట చర్చకు వచ్చిందో లేదో తెలియదు, ఎందుకంటే ఆ సమావేశాలకు మమ్మల్ని పిలవరు. మీలో కొందరు షెడ్డుకు వచ్చి మా పని చూసి సానుభూతిగా మాట్లాడారు, అందుకు కృతజ్ఞతలు. కాగితం మీద మాత్రం ఏదీ కదలలేదు. అందుకే అందరూ చదివేలా రాయవలసి వచ్చింది.

చెత్తను నొక్కి నింపుకునే కాంపాక్టర్లు, టిప్పర్లు, మంచినీటి ట్యాంకర్లు, నీటిని వేగంగా చిమ్మి మురుగు కాలువలు శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రాలు, సెప్టిక్ ట్యాంకర్లు, రోడ్లు ఊడ్చే యంత్రాలు, వీధి దీపాల దగ్గరికి మనిషిని ఎత్తే లిఫ్టు బండ్లు, అంబులెన్సులు, అధికారుల జీపులు మా దగ్గరికి వస్తాయి. వీటిలో ఏ రెండూ ఒకేలా అరగవు, ఒకేలా చెడిపోవు. ఆ తేడా తెలియడమే మా పని.

జీతాల గురించి మాట్లాడవలసింది చాలా ఉంది కానీ ఈ లేఖ వాటి కోసం రాసింది కాదు. బండికి చేసిన మరమ్మతు రాసే జాబ్ కార్డు అడుగున మెకానిక్ సంతకం పెట్టే గడి ఒకటి ఉంది. బండి నడపడానికి యోగ్యంగా ఉందని ఆ సంతకానికి అర్థం. అది మేమే పెట్టాలి. బండి యోగ్యంగా లేదని తేలినప్పుడు దాన్ని ఆపే అధికారం మాత్రం ఏ ఉత్తర్వులోనూ మాకు రాసిపెట్టలేదు. కార్డులో ‘ఫిట్’ అనే గడి ఉంది, ‘ఫిట్ కాదు’ అనే గడి లేదు. మా ఫిర్యాదు మొత్తం ఆ లేని గడిలో ఉంది.

తెల్లవారకముందే బండ్లు బయలుదేరాలి. ఆ వేళకు ఏదో ఒక రూటుకు బండి తక్కువ పడుతుంది. అప్పుడు ఫోన్ వస్తుంది. ‘ఈ ఒక్క ట్రిప్పుకు సర్దండి’ అంటారు. ‘సాయంత్రం వచ్చాక చూద్దాం’ అంటారు. ‘ఎలాగోలా పంపండి’ అంటారు. ఫోన్ చేసిన సూపర్‌వైజరు మీద మాకు కోపం లేదు, ఆయనకూ పైనుంచి ఫోన్ వచ్చింది. ఆ పై అధికారికి వార్డు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఒత్తిడి ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి కార్డు చేతిలో ఉన్న మనిషి దగ్గర ఆగుతుంది. ఆ మనిషికి కిందివాడు ఎవరూ లేరు కాబట్టి సంతకం పెడతాడు. రేపు ప్రమాదం జరిగితే విచారణాధికారి అడిగే మొదటి కాగితం జాబ్ కార్డే. ఫోన్‌లో ఎవరు ఏమన్నారో అందులో ఒక్క అక్షరం ఉండదు.

‘సర్దడం’ అంటే షెడ్డులో ఏం జరుగుతుందో ఆ మాట అనేవాళ్లు తెలుసుకోవాలి. బ్రేకులనే తీసుకుందాం.

మామూలు లారీ హైవే మీద గంటల తరబడి బ్రేకు నొక్కకుండా వెళ్లగలదు. చెత్త బండి కొన్ని ఇళ్లకు ఒకసారి ఆగుతుంది, కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రతి ఆగుడుకూ బ్రేకు లైనర్లు చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును రాస్తాయి. చెత్త నిండే కొద్దీ బరువు పెరుగుతుంది, తడి చెత్త అయితే ఇంకా ఎక్కువ. అంటే లైనర్లు బాగా వేడెక్కి ఉన్న సమయానికే బండి అన్నిటికంటే బరువుగా ఉంటుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి లైనర్లకు దూరంగా జరుగుతుంది. బ్రేకు పట్టాలంటే గాలి ఒత్తిడితో పనిచేసే బూస్టరు, పుష్‌రాడ్ అనే కడ్డీని ఇంకా ముందుకు తోయాలి. ఆ రాడ్డు వెళ్లగలిగే దూరానికి ఒక హద్దు ఉంది. తెల్లవారుజామున షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టిన బ్రేకు, మధ్యాహ్నం నిండు బరువుతో వాలు దిగేటప్పుడు పట్టకపోవచ్చు. ‘పొద్దున బాగానే ఉంది కదా’ అని అడిగేవారికి సమాధానం ఇదే.

ఇప్పటి బండ్లలో లైనర్ల అరుగుదలను బట్టి దానంతట అదే బిగుసుకునే స్లాక్ అడ్జస్టర్లు ఉంటాయి. ఆ ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్నా రాడ్డు హద్దు దాటుతోందంటే అడ్జస్టర్ చెడిపోయిందన్నమాట, లేదా బుష్‌లో, క్యామ్ షాఫ్టులో, బ్రాకెట్‌లో మరో లోపం ఉందన్నమాట. చేయవలసింది చక్రం విప్పి చూడటం. దానికి పూట పడుతుంది. ‘సర్దడానికి’ అయిదు నిమిషాలు చాలు: అడ్జస్టర్‌ను స్పానర్‌తో తిప్పి బిగిస్తే కొలత సరిపోతుంది, బండి వెళ్లిపోతుంది. లోపం అలాగే ఉంటుంది, బయటికి మాత్రం కనిపించదు. కొద్ది రోజుల్లో రాడ్డు మళ్లీ పాత చోటికే చేరుతుంది. ఆటోమేటిక్ అడ్జస్టర్‌ను చేత్తో బిగించి పంపడం మరమ్మతు కిందికి రాదని బ్రేకులు తయారు చేసేవారే హెచ్చరిస్తారు. అయినా తెల్లవారుజాము ఫోన్‌కు మా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

లిఫ్టు బండిలో, బండి ఒరగకుండా నిలబెట్టే జాక్‌కాళ్లు నేలకు ఆనకపోతే, మనిషి నిలబడే బుట్టను ఎత్తే బూమ్ లేవకుండా ఆపే లిమిట్ స్విచ్ ఉంటుంది. అది పనిచేయకపోతే ‘వైరు కలిపేయండి’ అంటారు. కలిపితే బూమ్ లేస్తుంది, నిజమే. బుట్టలో నిలబడ్డ మనిషికి ఆ వైరు సంగతి ఎవరూ చెప్పరు.

బండి ఆపితే ప్రజలకు ఇబ్బంది అవుతుందని మీరు అనవచ్చు. అవుతుంది. షెడ్డులో ఆపిన బండి వల్ల కలిగే ఇబ్బంది ముందే తెలుస్తుంది, రూటును మరో బండికి పంచవచ్చు, వార్డుకు కబురు పంపవచ్చు. పంపకూడని బండిని పంపితే అది నిండు బరువుతో ఇరుకు వీధిలో ఆగిపోతుంది. వెనక అంబులెన్సుకు కూడా దారి ఉండదు. హైడ్రాలిక్ పనిచేయకపోతే లోపల నొక్కిన చెత్తను కార్మికులు చేతులతో లాగి దించాలి. దాన్ని లాగడానికి మరో బండి వెళ్లాలి, ఆ బండి రూటూ ఆగుతుంది. పొద్దున ఒక వీధికి తప్పించిన ఇబ్బంది సాయంత్రానికి మూడు వీధులకు చేరుతుంది.

జెట్టింగ్ యంత్రం సంగతి ఇంకా కఠినం. అది మూలన పడితే లోతట్టు ఇళ్లలోకి మురుగు ఎదురు తంతుంది. మేడ మీద ఉన్నవారికి వాసన, నేల మీద ఉన్నవారికి ఇంట్లో నీళ్లు. అక్కడితో ఆగితే బాగుండేది. యంత్రం రావడం ఆలస్యమైతే ‘మనిషిని దింపుదాం’ అనే ఆలోచన ఎవరో ఒకరికి వస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి మనిషి దిగకూడదు అనే నియమాన్ని నిలబెట్టేది బోర్డు మీది రాత కాదు, పిలిస్తే వచ్చే యంత్రం. ఆ యంత్రం పంపు సీలు కావాలని కోరుతూ మేము ఇచ్చిన ఇండెంట్ కాగితం స్టోర్స్‌లో కదలకుండా పడి ఉంటే, ఆ కాగితానికీ మ్యాన్‌హోల్ మూతకూ మధ్య దూరం మీరనుకున్నంత ఎక్కువేమీ కాదు.

మా డిమాండ్లు ఇవి.

1. బండిని ఆపే అధికారం. భద్రతకు సంబంధించిన లోపం, అంటే బ్రేకులు, స్టీరింగు, చక్రాలు, కమాను కట్టలు, మనిషిని ఎత్తే లేదా చెత్తను నొక్కే హైడ్రాలిక్‌లు, ఇంధనం లీకు లాంటిది కనిపిస్తే మెకానిక్ ఎర్ర ట్యాగు కట్టి బండిని ఆపవచ్చని లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. జాబ్ కార్డులో ‘ఫిట్ కాదు’ అనే గడి, కారణం రాసే చోటు పెట్టండి. ట్యాగు తీయాలంటే ఇద్దరికే హక్కు ఉండాలి: లోపం సరిచేసిన మెకానిక్‌కు, లేదా బండిని స్వయంగా చూసి అదే కార్డు మీద పేరు, హోదా, సమయం రాసి సంతకం పెట్టే ఇంజనీరుకు. ఫోన్‌లో ట్యాగు తీయడం కుదరకూడదు. విమానయానంలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. నిర్వహణ పని జరిగిన విమానం, అధికారం పొందిన సాంకేతిక నిపుణుడి విడుదల సంతకం లేకుండా ప్రయాణికులతో ఎగరదు. ప్రయాణికులు ఎంతమంది ఎదురుచూస్తున్నారన్నది అతను పట్టించుకోవలసిన విషయం కాదు. చెత్త బండి వెనక మెట్టు మీద వేలాడే కార్మికుడి ప్రాణం విమాన ప్రయాణికుడి ప్రాణం కన్నా చవక అని ఎవరూ నోటితో అనరు. మన జాబ్ కార్డు మాత్రం ఆ మాటే అంటోంది.

బండి ఆపినందుకు మెమో ఇవ్వడం, బదిలీ చేయడం, కాంట్రాక్టు మెకానిక్ అయితే మరుసటి నెల పేరు తీసేయడం జరగకూడదని ఆ ఉత్తర్వులోనే రాయండి. తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుడికి అనుచితమైన పరిణామాలు ఎదురుకాకుండా రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడిక చెబుతోంది. 2022లో ఆ ఒడంబడికను ప్రాథమిక ఒడంబడికల్లో చేర్చారు. మేము కోరేది అంతకన్నా చిన్నది: పని మానం, బండిని మాత్రం ఆపుతాం.

2. సర్వీసింగ్ లెక్క కిలోమీటర్లలో వద్దు. కాంపాక్టర్ రోజంతా పనిచేసినా మీటరు మీద కొద్ది కిలోమీటర్లే కనిపిస్తాయి. ఇంజను మాత్రం పూటంతా తిరుగుతూనే ఉంటుంది, ఇంజను శక్తిని పంపుకు అందించే పీటీవో ద్వారా హైడ్రాలిక్ పంపును తిప్పుతూనే ఉంటుంది. కిలోమీటర్ల ప్రకారం ఆయిలు మార్చే గడువు వచ్చేసరికి ఆ ఆయిలు తన పని ఎప్పుడో మానేసి ఉంటుంది. బండి నిలిచి ఉండగా ఇంజను తిరిగే ఒక గంట ఐడ్లింగ్‌ను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణంగా లెక్కించమని చెప్పే తయారీదారులు ఉన్నారు. ప్రతి భారీ వాహనానికీ, ఇంజను తిరిగిన గంటలు చూపే అవర్ మీటరు చదివి, గంటల ప్రకారం సర్వీసింగ్ పట్టిక వేయండి. చాలా బండ్లలో ఆ మీటరు ఇప్పటికే ఉంది, చదివేవారే లేరు. ఇంకొక మాట: చక్రం విప్పి బిగించాక 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగే లోపు నట్లను టార్క్ రెంచితో మళ్లీ సరిచూడాలి. దానికి బండి షెడ్డుకు రావాలి. మేము పిలిస్తే ‘బాగానే నడుస్తోంది’ అనే జవాబు వస్తోంది. చక్రం ఊడేంత వరకూ బాగానే నడుస్తుంది.

3. స్పేర్ బండ్లు. ఎర్ర ట్యాగుకు విలువ ఉండాలంటే దాని బదులు పంపడానికి బండి ఉండాలి. అమెరికాలో కేంద్ర నిధులు తీసుకునే పెద్ద సిటీ బస్సు సంస్థలకు, రద్దీ వేళ నడిపే బండ్లలో 20 శాతానికి మించి స్పేర్లు ఉంచుకోవద్దని పరిమితి ఉంది. అక్కడ ఎక్కువ పెట్టుకోవద్దని చెప్పవలసి వస్తోంది, ఇక్కడ స్పేర్ అనేది ఒకటి ఉండాలని మేము బతిమాలుకుంటున్నాం. కొత్త బండి రాగానే పాతదాన్ని స్పేర్‌గా ఉంచకుండా కొత్త రూటు వేసేయడం ఆపండి. ప్రారంభోత్సవానికి కొత్త రూటు బాగుంటుంది, తర్వాతి నెలల సంగతి మాకు తెలుసు.

4. విడిభాగాలు. మేము ఇండెంట్‌లో హైడ్రాలిక్ హోస్ ప్రమాణం, ఎంత ఒత్తిడి తట్టుకోవాలి, ఫిట్టింగ్ రకం అన్నీ రాస్తాం. కొనుగోలు ఆర్డరు తయారయ్యేసరికి ‘హోస్ పైపు, అర అంగుళం’ అని మిగులుతుంది. తక్కువ ధర చెప్పినవారు అర అంగుళం పైపే సరఫరా చేస్తారు, ఆర్డరులో ఉన్నది అదే కాబట్టి వారి తప్పూ కాదు. బయటికి రెండూ నల్లగానే ఉంటాయి. లోపల ఉక్కు తీగల అల్లిక ఒక వరుసా రెండు వరుసలా అన్నది కోస్తే గాని కనిపించదు. చెత్తను నొక్కే సిలిండర్‌కు వెళ్లే పైపులో వంద బార్లకు పైగా, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు వంద రెట్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. అక్కడ సూది మొనంత రంధ్రం పడితే ఆయిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. కొన్ని గంటల్లో ఆపరేషన్ చేసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. ఆ పైపు పక్కన రోజంతా నిలబడేది లోడింగ్ కార్మికులు, టెండరు ఖరారు చేసిన కమిటీ కాదు.

బ్రేక్ ఆయిలు విషయంలోనూ ఇంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. సీలు తీసిన డబ్బాలను స్టోర్స్‌లో దాచి మళ్లీ ఇవ్వడం పొదుపు అనిపిస్తుంది. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు లేస్తే అంబులెన్సు డ్రైవరు కాలి కింద పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది.

కాబట్టి మేము రాసిన ప్రమాణం ఆర్డరులో అక్షరం తగ్గకుండా ఉండాలి. సరుకు వచ్చాక నాసిరకమైతే తిప్పి పంపే అధికారం వర్క్‌షాపుకు ఉండాలి. భాగాలు దొరక్క నిలిచిన బండి నుంచి విప్పి మరో బండికి వేసినప్పుడల్లా ఒక రిజిస్టరులో రాయించండి. ఇప్పుడది రాత లేకుండా జరుగుతోంది. చిన్న పంపు కోసం నిలబెట్టిన బండి నుంచి ఒకరోజు డైనమో, మరో రోజు స్టార్టరు, ఇంకో రోజు అద్దం పోతాయి. చివరికి ‘మరమ్మతు లాభసాటి కాదు’ అని రాసి తుక్కు వేలానికి పంపుతారు. దాన్ని తుక్కు చేసింది ఎవరని అడిగేవారు ఉండరు.

5. పొగ వడపోతలు తీయించకండి. కొత్త డీజిల్ బండ్ల సైలెన్సరులో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే అక్కడ సుమారు 600 డిగ్రీల వేడి పుట్టాలి. నడక వేగంతో తిరిగే చెత్త బండిలో మామూలుగా ఆ వేడి పుట్టదు. అందుకని బండిని ఒకచోట నిలిపి ఇంజను వేగం పెంచి మసిని కాల్చాలి, దానికి అరగంటో గంటో పడుతుంది. ఆ సమయం ఇవ్వరు, డ్రైవరు మధ్యలో ఆపేస్తాడు, ఫిల్టరు పూడుకుపోతుంది, ఇంజను బలం తగ్గుతుంది. అప్పుడు ‘ఆ ఫిల్టరే తీసేయండి’ అనే సలహా వస్తుంది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. ఆ బండి వెనక నడిచేది మన పారిశుధ్య కార్మికులే. అది ఆగేది జనం ఇళ్ల గుమ్మాల ముందు. మసి కాల్చే సమయాన్ని డ్యూటీ పట్టికలో చేర్చండి. ఫిల్టరు తీయమని ఎవరు చెప్పినా మేము తీయం.

6. మా ఒంటి భద్రత. పైకెత్తిన టిప్పర్ బాడీ కింద పనిచేసేటప్పుడు హైడ్రాలిక్‌ను నమ్మకూడదు, ఉక్కు ప్రాప్ పెట్టాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి స్టాండు లేకుండా వెళ్లకూడదు. టైరును ఇనుప రింగుతో పట్టి ఉంచే లాక్ రింగు రిమ్ముకు గాలి పట్టేటప్పుడు ఇనుప పంజరం ఉండాలి, ఆ రింగు ఎగిరివస్తే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు. ఇవన్నీ మాకు తెలుసు. ప్రాప్‌లు, స్టాండ్లు, పంజరం సరిపడా కొనండి. పార్కింగ్ బ్రేకు స్ప్రింగు చాంబర్‌లో సుమారు టన్ను బలంతో నొక్కి ఉంచిన స్ప్రింగు ఉంటుంది. దాన్ని బోల్టుతో బంధించకుండా విప్పబోవడం ప్రాణాంతకం. శిక్షణ లేని కుర్రాళ్లను రోజుకూలీకి తెచ్చి ఆ పనికి పెట్టవద్దు.

సెప్టిక్ ట్యాంకర్ లోపల వాల్వు చెడితే ‘దిగి చూడు’ అంటారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. పది లక్షల పాళ్ల గాలిలో ఇది సుమారు 100 పాళ్లకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ‘వాసన పోయింది, దిగవచ్చు’ అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. గ్యాస్ కొలిచే పరికరం, గాలి తోసే బ్లోయరు, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా మాలో ఎవరూ ట్యాంకులోకి దిగరు.

చెత్త బండిని ఖాళీ చేసి కడిగాకే షెడ్డుకు పంపండి. నిండు బండి కింద పడుకుని పనిచేస్తుంటే ముఖం మీద కారేది ఏమిటో వివరంగా రాయనక్కరలేదు. అందులో వాడేసిన సూదులు కూడా ఉంటాయి. చేతి తొడుగులు, సబ్బు, పని బట్టలు, అవి మార్చుకునే గది, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలు అడుగుతున్నాం. ఇవి సౌకర్యాల జాబితాలో కాదు, పనిముట్ల జాబితాలో ఉండాలి.

7. విద్యుత్ వాహనాలు. వీటిని మేము వ్యతిరేకించడం లేదు. పొగ లేని షెడ్డు ఎవరికి చేదు? బండ్లు వచ్చాయి, వాటిని ఎలా విప్పాలో నేర్పేవారు రాలేదు. పన్నెండు, ఇరవై నాలుగు వోల్టుల వైర్లను చేత్తో పట్టుకునే అలవాటున్న మనుషుల మధ్యకు 400 నుంచి 800 వోల్టుల బ్యాటరీలను తెచ్చి నిలబెట్టారు. నారింజ రంగు కేబుల్ ముట్టుకోకూడదని తెలిస్తే సరిపోదు. కరెంటు తెంచే క్రమం, తాళం వేసి ఉంచే పద్ధతి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగడం, మీటరుతో కొలిచి సున్నా అని తేల్చుకోవడం నేర్పాలి. పరీక్షించిన ఇన్సులేటెడ్ తొడుగులు ఇవ్వాలి. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ ఆరిపోయిందనుకున్నాక గంటలకో రోజులకో మళ్లీ అంటుకోవచ్చు. అలాంటి బండిని మిగతా వాటికి దూరంగా నిలిపే స్థలం గుర్తించండి. వారంటీ ఉన్నంత కాలం కంపెనీ మనుషులే చూసుకుంటారని చెబుతున్నారు. వారంటీ అయిపోయిన మర్నాడు బండి మా గుంత మీదికే వస్తుంది. నేర్చుకోవడానికి సమయం ఇప్పుడే.

8. డ్రైవర్ల ఫిర్యాదు పుస్తకం. బండి గురించి మొదట తెలిసేది డ్రైవరుకు. ‘బ్రేకు ఎడమకు లాగుతోంది’ అని అతను రాస్తాడు, మరునాడూ అదే రాస్తాడు, తర్వాత రాయడం మానేస్తాడు. ఆ పుస్తకం ప్రతి సాయంత్రం వర్క్‌షాపుకు రావాలి. ప్రతి ఫిర్యాదు పక్కన ఏం చేశారో, చేయకపోతే ఎందుకో రాయాలి. ఫిర్యాదు రాసిన డ్రైవరుకు ‘బండి చెడగొట్టావు’ అని కోత వేయడం ఆపాలి.

9. కొనేముందు అడగండి. పైన బాడీ కట్టించాక ఎయిర్ ఫిల్టరు తీయడానికి చెయ్యి పట్టని బండ్లు, గ్రీజు నిపుల్ కనిపించని బండ్లు మన దగ్గర ఉన్నాయి. టెండరు ప్రమాణాలు రాసే కమిటీలో ఇద్దరు మెకానిక్‌లను కూర్చోబెట్టండి.

10. ఖాళీ పోస్టులు భర్తీ చేయండి. పదవీ విరమణ చేసినవారి చోట కొత్తవారు రాలేదు. శబ్దం విని లోపం చెప్పగలిగే మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వారి పక్కన నిలబడి నేర్చుకునేవారు లేరు.

వీటిలో మొదటి డిమాండ్‌కు డబ్బు అక్కరలేదు. ఒక ఉత్తర్వు, కార్డులో ఒక గడి చాలు. మిగతా వాటికి బడ్జెట్ కావాలంటే వచ్చే బడ్జెట్ దాకా ఆగగలం, మొదటిదానికి ఆగలేం. వారం వారం ఏ వార్డులో ఎన్ని బండ్లు షెడ్డులో ఆగాయో, ఏ భాగం కోసం ఆగాయో ప్రజలకు కనిపించేలా కార్యాలయం బోర్డు మీద పెట్టండి. ఫిర్యాదు చేసేవారికి ఎవరిని అడగాలో అప్పుడు తెలుస్తుంది.

నగర ప్రజలకు ఒక విన్నపం. మీ వీధికి బండి రాని రోజు కార్మికుల మీద కోప్పడకండి. బండి ఎందుకు ఆగిందని వార్డు సభ్యుణ్ని అడగండి.

ఇది సమ్మె నోటీసు కాదు. బండ్లు బాగుచేయడం మానం. వచ్చే నెల మొదటి తేదీ లోపు ఉత్తర్వు రాకపోతే మేము చేయబోయేది ఇది: లోపం ఉన్న బండిని ఫోన్ మీద పంపమన్నప్పుడు కార్డులో ‘ఫిట్’ అని రాయం. లోపం ఏమిటో, పంపమన్నది ఎవరో, వారి హోదా, ఫోన్ వచ్చిన సమయం రాసి దాని కింద సంతకం పెడతాం. ఆ కార్డు నకలు బండి నడిపే డ్రైవరుకు ఇస్తాం. ఎక్కాలో లేదో అతనూ తేల్చుకుంటాడు.

చర్చకు పిలిస్తే వస్తాం. ఆ చర్చ కార్యాలయంలో కన్నా వర్క్‌షాపులో, బండ్లు బయలుదేరే వేళకు పెడితే మంచిది. చక్రం విప్పిన బండి ఒకటి సిద్ధంగా ఉంచుతాం.

ఇట్లు,
నగరపాలక సంస్థ వర్క్‌షాపు మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, టైరు విభాగం కార్మికులు, హెల్పర్లు